మలుపులో బైకు ఎంత వంగొచ్చు?

దక్షిణ అండమాన్ దీవి కొండలూ పల్లాలూ కలిసిన నేల. శ్రీ విజయ పురం (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) పరిసరాల్లోని ఆస్టినాబాద్ లాంటి చోట్ల బైకు నడిపేవారికి మలుపులు కొత్తేమీ కాదు. ప్రతి మలుపులోనూ బైకు కొద్దిగా పక్కకు వంగుతుంది. నడిపేవారు ఆ సంగతి గమనించరు కూడా. టీవీలో మోటోజీపీ రేసు చూసినప్పుడు మాత్రం ఆ వంపే ఆశ్చర్యపరుస్తుంది. 2023 సెప్టెంబరు 24న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో భారత్ తొలిసారి మోటోజీపీ రేసుకు ఆతిథ్యమిచ్చింది. ఇలాంటి రేసుల్లో బైకులు నిటారు స్థితి నుంచి 60 డిగ్రీలకు మించి వంగుతాయి. రైడర్ మోకాలు, ఒక్కోసారి మోచేయి కూడా నేలను తాకుతుంది.

అది చూసిన కుర్రవాళ్లకు ఎంత ఎక్కువ వంచితే అంత గొప్ప రైడర్ అనిపించడం సహజం. భౌతికశాస్త్రం చెప్పేది వేరు. వంపు కోణం ధైర్యానికి కొలత కాదు. వేగం, మలుపు వ్యాసార్థం కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. దాని హద్దును టైరుకూ రోడ్డుకూ మధ్య ఉన్న ఘర్షణ నిర్ణయిస్తుంది.

వంగడం ఎందుకు?

వృత్తాకార మార్గంలో తిరిగే ఏ వస్తువుకైనా కేంద్రం వైపు లాగే బలం ఒకటి కావాలి. దీన్నే అభికేంద్ర బలం అంటారు. బైకు విషయంలో ఈ బలం టైర్ల కింద, రోడ్డు ఘర్షణ నుంచి వస్తుంది. అది నేల మట్టంలో పనిచేస్తుంది, బైకు గురుత్వ కేంద్రం మాత్రం నేలకు అర మీటరుకు పైగా ఎత్తులో ఉంటుంది. అందువల్ల నిటారుగా మలుపు తిరిగితే బైకు మలుపు బయటి వైపుకు పడిపోతుంది. లోపలికి వంగినప్పుడు బరువు దాన్ని లోపలికి పడేయాలని చూస్తుంది. ఈ రెండు ధోరణులూ సరిసమానమైన చోట బైకు నిలకడగా తిరుగుతుంది.

ఆ సమతుల్యాన్ని ఒక చిన్న సూత్రంలో చెప్పవచ్చు. వంపు కోణం టాంజెంటు విలువ తెలియాలంటే వేగం వర్గాన్ని, వ్యాసార్థం, గురుత్వ త్వరణాల లబ్ధంతో భాగించాలి. ఇందులో బైకు బరువు ఎక్కడా లేదు. 110 కిలోల బైకైనా, 220 కిలోల బైకైనా అదే మలుపులో అదే వేగానికి దాదాపు అంతే వంగాలి.

ఉదాహరణకు 30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మలుపు తీసుకుందాం. గంటకు 36 కి.మీ. వేగంతో వెళితే బైకు సుమారు 19 డిగ్రీలు వంగాలి. 54 కి.మీ. అయితే 37 డిగ్రీలు. 72 కి.మీ. అయితే దాదాపు 54 డిగ్రీలు. వేగం రెట్టింపైతే కావలసిన అభికేంద్ర బలం నాలుగు రెట్లవుతుంది. ప్రమాదం ఉన్నది ఈ ‘వర్గం’లోనే. స్పీడోమీటర్‌లో ముల్లు కొద్దిగా జరిగినట్టే కనిపిస్తుంది కానీ టైరు మీద భారం చాలా పెరుగుతుంది.

హద్దు ఎక్కడ?

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక చెక్క పలక మీద గరుకు కాగితం అంటించి, దాని మీద రబ్బరు ముక్క ఉంచాలి. పలక ఒక చివరను మెల్లగా పైకి లేపుతూ పోతే ఒకానొక కోణం దగ్గర రబ్బరు జారుతుంది. ఆ కోణం టాంజెంటు విలువే ఆ రెండు తలాల మధ్య ఘర్షణ గుణకం. బైకు వంపు హద్దును లెక్కగట్టేదీ ఇదే టాంజెంటుతో. పలక మీద కొంచెం నీళ్లూ మట్టీ చల్లి మళ్లీ లేపితే రబ్బరు ఇంకా ముందే జారడం చూడవచ్చు.

మంచి పొడి తారు రోడ్డు మీద మామూలు టైరుకు ఘర్షణ గుణకం 0.8 దగ్గర ఉంటుందనుకుంటే, వంపు హద్దు సుమారు 39 డిగ్రీలు. రోడ్డు తడిసి ఆ విలువ 0.4కు పడిపోతే హద్దు 22 డిగ్రీలే. పైన చెప్పిన 30 మీటర్ల మలుపులో పొడి రోడ్డు మీద గరిష్ఠ వేగం గంటకు 55 కి.మీ. అయితే, తడి రోడ్డు మీద అది 39 కి.మీ.కి దిగుతుంది. ఇవి జారిపోయే క్షణానికి సంబంధించిన అంకెలు, నడపాల్సిన వేగాలు కావు. నడిపే వేగం వీటికి బాగా దిగువన ఉండాలి.

అండమాన్‌లో ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. హైదరాబాద్‌లో కురిసే దానికి ఇది మూడు రెట్లకు పైమాటే. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ ఇక్కడ వానలు కురిపిస్తాయి. అంటే ఏడాదిలో సగానికి పైగా రోజుల తరబడి రోడ్డు తడిగా ఉండే కాలమే. దానికి తోడు రాలిన ఆకులు, నీడపట్టున పెరిగే నాచు, కొట్టుకొచ్చిన మట్టి ఘర్షణను ఇంకా తగ్గిస్తాయి. నిన్న ఎండలో సాఫీగా తిరిగిన మలుపు ఈ రోజు అదే వేగాన్ని ఒప్పుకోకపోవచ్చు.

రేసు బైకులు 60 డిగ్రీలు ఎలా వంగుతాయి?

టాంజెంటు 60 అంటే 1.73. ఘర్షణ గుణకం ఒకటిని మించదని పాఠాల్లో చదువుకున్నవారికి ఇది వింతగా తోస్తుంది. నిజానికి అలాంటి నియమం లేదు. మెత్తటి రబ్బరు వేడెక్కితే తారులోని సూక్ష్మమైన గుంతల్లోకి ఒదిగిపోతుంది, కొంతవరకు అంటుకుంటుంది కూడా. రేసు టైర్లను మొదలుపెట్టే ముందే ప్రత్యేకమైన దుప్పట్లు చుట్టి వేడి చేస్తారు. గాడులు లేని ఆ టైరు పొడి ట్రాకు మీద అద్భుతమైన పట్టునిస్తుంది. అదే టైరు చల్లారితే, లేదా కింద నీరు చేరితే, మామూలు టైరు కన్నా ప్రమాదకరం. రోడ్డు టైరుకు ఉండే గాడుల పని నీటిని పక్కకు తోసేయడమే. అవి అరిగిపోయిన టైరుతో వానలో మలుపు తిరగడం చాలా ప్రమాదం.

రైడర్ పక్కకు ఎందుకు జారి కూర్చుంటాడు?

పైన చెప్పిన లెక్కలో టైరును పలచని బిళ్లలా ఊహించాం. నిజమైన టైరుకు వెడల్పు ఉంటుంది. బైకు వంగినప్పుడు నేలను తాకే చోటు టైరు మధ్య నుంచి లోపలి అంచు వైపు జరుగుతుంది. అందువల్ల బైకు ఇంకొంచెం ఎక్కువ వంగాల్సి వస్తుంది. 12 సెం.మీ. వెడల్పు టైరు, 60 సెం.మీ. ఎత్తులో గురుత్వ కేంద్రం ఉన్న బైకు 37 డిగ్రీల మలుపులో అదనంగా దాదాపు 4 డిగ్రీలు వంగాలి.

రైడర్ శరీరాన్ని లోపలికి జరిపితే దీనికి విరుగుడు దొరుకుతుంది. 160 కిలోల బైకు మీద 70 కిలోల మనిషి తన గురుత్వ కేంద్రాన్ని 15 సెం.మీ. లోపలికి జరిపితే ఉమ్మడి గురుత్వ కేంద్రం సుమారు 4.5 సెం.మీ. జరుగుతుంది. కోణంలో ఇది కూడా దాదాపు 4 డిగ్రీలే. అంటే మోకాలు నేలకు ఆనించడం బైకును ఎక్కువ వంచడం కోసం కాదు. అదే వేగంలో బైకును తక్కువ వంచడం కోసం. టైరు అంచు మీద కాకుండా కాస్త లోపలి భాగం మీద నడుస్తుంది, ఫుట్‌రెస్ట్ నేలకు గీసుకోకుండా ఉంటుంది. అయితే టైరు మీద పడే అభికేంద్ర బలం మాత్రం దీనివల్ల తగ్గదు. దాన్ని తగ్గించేవి రెండే: తక్కువ వేగం, పెద్ద వ్యాసార్థం.

ట్రాకు మీద బయటి అంచు నుంచి లోపలి అంచుకు, మళ్లీ బయటికి వెళ్లేది ఆ వ్యాసార్థం కోసమే. 30 మీటర్ల మలుపును 40 మీటర్ల మలుపుగా మార్చుకోగలిగితే, 54 కి.మీ. వేగంలో కావలసిన వంపు 37 నుంచి 30 డిగ్రీలకు దిగుతుంది. రోడ్డు మీద ఈ వెసులుబాటు లేదు. అవతలి సగం ఎదురొచ్చే వాహనానిది.

బ్రేకు, మలుపు: ఒకే ఖాతా

టైరుకు ఉన్న పట్టు ఒకటే. బ్రేకు వేయడానికీ, మలుపు తిరగడానికీ అందులోంచే ఖర్చు పెట్టాలి. మొత్తం పట్టు 0.8 అనుకుందాం. మలుపుకు 0.6 వాడితే బ్రేకుకు 0.53 మిగులుతుంది. ఈ రెండూ లంబ దిశల్లో పనిచేస్తాయి కనుక వర్గాల లెక్క వేయాలి. మలుపుకు 0.78 వాడితే బ్రేకుకు మిగిలేది 0.18 మాత్రమే. బైకును హద్దు దాకా వంచినవారికి ఎదురుగా ఆవు కనబడితే చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. అందుకే మలుపుకు ముందే, బైకు నిటారుగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలంటారు. 2019 ఏప్రిల్ నుంచి దేశంలో 125 సీసీకి మించిన కొత్త బైకులన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. అది చక్రం లాక్ కాకుండా కాపాడుతుంది కానీ లేని పట్టును పుట్టించలేదు.

బైకు అమరిక

వంపు ఎంతైనా టైరు నేలను విడవకుండా ఉండాలి. బైకు అమరిక అంతా దీని కోసమే.

గాలి పీడనం: చల్లటి టైరులో 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 పీఎస్ఐ గాలి ఉంటే, టైరు 67 డిగ్రీలకు వేడెక్కాక అది దాదాపు 36 అవుతుంది. ట్రాకు మీద టైరు బాగా వేడెక్కుతుంది కనుక తక్కువ పీడనంతో మొదలుపెట్టి, దిగిన వెంటనే కొలిచి సరిచూస్తారు. రోడ్డు మీద, ముఖ్యంగా వానలో, టైరు అంతగా వేడెక్కదు. అక్కడ కంపెనీ సూచించిన పీడనమే సరైనది.

స్ప్రింగు: రైడర్ కూర్చున్నప్పుడు సస్పెన్షన్ కొంత కిందికి దిగాలి. 120 మి.మీ. కదలిక ఉంటే అందులో దాదాపు మూడో వంతు దిగడం సాధారణ కొలత. అసలు దిగకపోతే గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి చాచుకోలేక గాల్లో తేలుతుంది. మరీ దిగిపోతే కుదుపు తట్టుకునే చోటు మిగలదు.

డ్యాంపింగ్: స్ప్రింగు ఊగిసలాటను ఆపే నూనె నిరోధమిది. తక్కువైతే మలుపులో బైకు ఊగుతుంది. మరీ ఎక్కువైతే చక్రం గుంతలను అనుసరించలేదు.

ఎత్తు: వెనక భాగం కొంచెం పైకి లేపితే ముందు ఫోర్కు నిటారుకు దగ్గరై బైకు చురుగ్గా తిరుగుతుంది, కానీ తిన్నని దారిలో నిలకడ తగ్గుతుంది. అందుకే ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితం చూసి రాసుకోవాలి.

వంచడం నేర్చుకునే చోటు

అండమాన్‌లో మోటార్ రేస్ ట్రాకు లేదు. సముద్రానికి అవతల సుమారు 1,400 కి.మీ. దూరంలో, చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి నడుస్తున్న 3.7 కి.మీ. ట్రాకు ఉంది. ఇలాంటి చోట్ల జరిగే ‘ట్రాక్ డే’ పోటీ కాదు, బహుమతులుండవు. అనుభవాన్ని బట్టి గుంపులు చేసి, వంతులవారీగా వదులుతారు. అందరూ ఒకే దిశలో వెళతారు. ఎదురు వాహనం ఉండదు, జారితే ఆగడానికి ఖాళీ నేల ఉంటుంది, అంబులెన్సు సిద్ధంగా ఉంటుంది. రైడర్ ఒంటి మీద తోలు సూటు ఉంటుంది. అదే మలుపు ఇరవై సార్లు వస్తుంది కనుక ప్రతిసారీ కొద్దికొద్దిగా నేర్చుకోవచ్చు.

రోడ్డు మీద ఇవేవీ లేవు. మలుపు అవతల ఏముందో తెలియదు. అందువల్ల అక్కడ కంటికి కనిపించే దూరంలో ఆగగలిగే వేగమే సరైన వేగం. ట్రాకు మీద వందోవంతు సెకను కోసం 50 డిగ్రీలు వంచే నేర్పరి, ఆస్టినాబాద్‌లోని తడి రోడ్డు మీద 15 డిగ్రీలు కూడా దాటకుండా ఇంటికి చేరవచ్చు. రెండు చోట్లా వాడేది ఒకే సూత్రం. దాన్ని తెలిసి వాడుకోవడమే అసలైన నైపుణ్యం.