దత్తతయు దాసోహమును

“బసవ” యను నామమే వృషభ శబ్దమునుండి పుట్టినది. పన్నెండవ శతాబ్దమున కల్యాణపురమునందు బసవేశ్వరుడు బోధించిన ధర్మమునకు దయయే మూలము. ఆ దయకు సకల ప్రాణులును పాత్రములే. ఈ బోధను నేటి గృహస్థు లాచరించుటకు ఒక మార్గము హైదరాబాదు పాతబస్తీలోనే యున్నది. యాకుత్‌పురాకు కొలది మైళ్ల దూరమున, మీరాలం చెరువు చెంత, 1963 అక్టోబరు 6న ప్రజల దర్శనార్థము తెరువబడిన నెహ్రూ జంతు ప్రదర్శనశాల సుమారు 380 ఎకరములలో విస్తరించి యున్నది. అచ్చట జంతువుల దత్తత పథకము అమలులో నున్నది.

దత్తత యనగా జంతువును ఇంటికి గొనివచ్చుట కాదు. దాత ఏడాదికి గాని, అంతకు తక్కువ కాలమునకు గాని దాని పోషణ వ్యయమును చెల్లించును. జంతువు తన యావరణలోనే యుండును. తెలుగువారి కిది క్రొత్త కాదు. పూర్వము శివుని పేర అచ్చువేసి విడిచిన ఆంబోతు ఏ యొక్కనికిని సొత్తు కాదు. ఊరంతయు దానికి మేత పెట్టెడిది.

ఈ సహాయమున కెంత యక్కర గలదో 2020వ సంవత్సరము తెలిపినది. కరోనా కారణముగా జంతుశాల మూతపడినది. సందర్శకుల రుసుము నిలిచిపోయినది. జీవుల యాకలి మాత్రము నిలువలేదు. 2021 మే మాసమున అచ్చటి ఎనిమిది ఆసియా సింహములకు ఆ వ్యాధి సోకినట్లు తేలినది. అడవిలో గుజరాతునందలి గిర్ ప్రాంతమున దప్ప మరెచ్చటను లేని జాతి యది.

ఇచ్చట శాకాహార నియమము గల లింగాయతులకు ఒక సందేహము కలుగును: పులిని దత్తత గొన్నచో మాంసమునకు ధనమిచ్చినట్లగునుగదా? మాంసము పులికి వ్యసనము కాదు, ప్రకృతి; గడ్డి తిని యది బ్రతుకజాలదు. మానవుడు తనకై యేర్పరచుకొన్న నియమమును మృగముపై మోపుట దయ కాజాలదు. 2006లో దేశమున సుమారు 1,411గా లెక్కకు వచ్చిన పులులు, రక్షణ ఫలితముగా 2022 నాటికి సుమారు 3,682కు పెరిగినవి. అట్లయ్యును మనసొప్పనివారు బలవంతపడ నక్కరలేదు. ఏనుగులు, జింకలు, పక్షులు సైతము పోషకులకై యెదురు చూచుచునే యున్నవి.

నిజమునకు చిన్న ప్రాణులనే లోకము మరచుచున్నది. పులి సింహములపై పడిన చూపు మూషిక జింకపై పడదు. కుందేలంత పరిమాణము గల ఈ సిగ్గరి జీవిని, సీసీఎంబీ శాస్త్రజ్ఞుల తోడ్పాటుతో 2010 నుండి ఈ జంతుశాలలోనే పెంపొందించి, 2017లో నల్లమల యందలి అమ్రాబాదు అడవిలో విడిచిరి. బోనులో పోషించిన దయ అడవికి జేరిన మంచి యుదాహరణ మిది.

రెండవ సందేహము మరింత సూక్ష్మమైనది. దాత పేరుతో ఆవరణ చెంత ఫలకము నిలుపుదురు. పేరు చూచి యితరులు ప్రేరణ పొందిన మేలే. ఇచ్చినవాడు ఆ పేరునే చూచుకొని మురిసిన, ఇచ్చిన దానిలో సగము తిరిగి పుచ్చుకొన్నట్లే. దత్తతయను మాటలో “ఇది నాది” యను భావ మున్నది. దాసోహమను మాటలో “నేను దాసుడను” అను భావ మున్నది. కాయకమున నార్జించిన దానిలో కొంత, నేనిచ్చితినను తలంపు లేక, సమర్పించుటయే దాసోహము.

యాకుత్‌పురాలోని యొక కుటుంబము, బిడ్డ పుట్టినరోజు వేడుకలో కొంత తగ్గించి, ఒక జింక మేతకు ధనము చెల్లించినదనుకొందము. ఆవరణ యెదుట నిలిచి బిడ్డ, “నాన్నా, ఈ జింక మనదా?” యని యడుగును. తండ్రి యిట్లు చెప్పదగును: “మనది కాదు నాయనా, శివునిది. దాని మేత మాత్రము కొన్నాళ్లు మన వంతు.”

ఆ వంతును మరువకుండుటయే ఈ పాఠసారము.