ఎస్తేరు రాణియు రాగిరేకు బొమ్మలును

(ముందుగా ఎస్తేరు గ్రంథము 7వ అధ్యాయము చదువుకొనుడి.)

మచిలీపట్నములో వలందపాలెమను పేట గలదు. హాలెండు దేశస్థులైన డచ్చివారిని మన పెద్దలు వలందులనిరి. ఆ పేరే పేటకు నిలిచినది. 1605లో వారి ఓడలు మన బట్టలకొరకు ఆ రేవునకు వచ్చినవి. అప్పటికి వారి స్వదేశము స్పెయిను రాజుతో పోరాడుచుండెను. 1568లో మొదలైన ఆ పోరు 1648 వరకు తీరలేదు.

ఆ దినములలో వారికి ఎస్తేరు మిక్కిలి దగ్గరయ్యెను. 1567లో స్పెయిను రాజు పంపిన ఆల్బా ప్రభువు విచారణసభ పెట్టి వెయ్యిమందికి పైగా చంపించెను. జనులు అతనిలో హామానును చూచిరి; తాము మొర్దెకై జనులమనుకొనిరి. 1569 నాటి ఒక బొమ్మలో ఆల్బా సింహాసనము ఎదుట పదునేడుగురు స్త్రీలు సంకెళ్లతో మోకరించియున్నారు. వారు ఆ దేశపు 17 రాష్ట్రములు. దేశమును స్త్రీగా చూడ నేర్చిన కన్నులకు, ప్రాణమునకు తెగించి రాజు ఎదుట నిలిచిన ఎస్తేరు ఎవరో వేరే చెప్పనక్కరలేదు.

ఈ బొమ్మలను రాగిరేకుమీద చెక్కి, సిరా పూసి, కాగితముపై ఒత్తెడివారు. ఒక్క రేకునుండి వందల ప్రతులు వచ్చును గనుక, రంగుల పటము కొనలేనివాడును వీటిని కొనగలిగెను. హేమ్‌స్కెర్క్ గీసిన ఎస్తేరు కథను ఫిలిప్ గాలె చెక్కగా 1564లో అచ్చయ్యెను. ఆల్బా రాకకు అది మూడేండ్లు ముందు! బొమ్మ మారలేదు, చూచువారి బ్రదుకు మారెను. రెంబ్రాంటు సుమారు 1641లో మొర్దెకై ఊరేగింపును చెక్కెను.

సీసెరాను మేకుతో చంపిన యాయేలును, శత్రు సేనాని తల నరికిన యూదితును (ఈమె కథ మన బైబిలులో లేదు, అపోక్రిఫాలోనిది) వారి బొమ్మలలో తరచుగా కనబడుదురు. మాకు ఎస్తేరే ఎక్కువ నచ్చును. ఆమె చేతిలో కత్తి లేదు.

అయితే ఆ వలందులే, తమ దేశము విడుదలకై పోరాడుచుండగనే, 1620ల నుండి పులికాటు రేవున మన తీరపు బీదలను కొని, బానిసలుగా బటావియాకు ఓడలెక్కించిరి. కరవులో బిడ్డలను అమ్ముకొనిన తలిదండ్రులును గలరు. ఆ ఓడలవారి యిండ్లలో ఎస్తేరు బొమ్మలు లేకపోలేదేమో!

ఇప్పుడు 4వ వచనము మరల చూడుడి. తానును తన జనులును అమ్మబడితిమని ఎస్తేరు మొరపెట్టెను. దాసదాసీలుగా మాత్రమే అమ్మబడినయెడల మౌనముగా నుందుననియు ఆమె అనెను. పులికాటు ఇసుకమీద ఓడకొరకు కూర్చుండబెట్టబడినవారికి ఈ వచనమును ఎవరు చదివి వినిపింపగలరు?