నీడ లేని మధ్యాహ్నం

వార్షిక పరీక్షలు అయిపోయాయి. పుస్తకాల సంచి చిలక్కొయ్యకు ఎక్కింది. మొదటి రెండు రోజులు సెలవులు ఎంతో తియ్యగా ఉంటాయి. మూడవ రోజుకు బరువెక్కుతాయి. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల ఫ్యాను, టీవీ. "ఏమీ తోచడం లేదు" అనే మాట ఇంటింటా వినిపించేది అప్పుడే. నిజానికి ఎండాకాలంలో తోచకపోవడమే వింత. ఆరుబయట చూడదగినవీ, తినదగినవీ, ఆడదగినవీ ఇన్ని కలిసివచ్చే కాలం మరొకటి లేదు. వాటిలో చాలావాటికి కానీ ఖర్చు లేదు. ఏ వేళకు ఏది తగునో తెలిస్తే చాలు.

పొద్దుటి నీరెండ, సాయంత్రపు చల్లగాలి ఆటలకు అనువైనవి. గోలీలు, బిళ్ళంగోడు, కోతికొమ్మచ్చి ఆ వేళల్లోనే బాగుంటాయి. ఇక తాటిముంజల సంగతి వేరే చెప్పాలా? లేతకాయ తల చెక్కితే సాధారణంగా మూడు కళ్ళు కనిపిస్తాయి. బొటనవేలితో పొడిచి జుర్రుకుంటే వచ్చే రుచి, ఒలిచి గిన్నెలో వేసుకుంటే రాదు. తిన్నాక బుర్రలను పారవేయరు. ఒక పుల్లకు రెండు చివరలా రెండు బుర్రలు గుచ్చి, పంగలకర్రతో తోస్తే బండి తయారు. ముంజలను తమిళులు నుంగు అంటారు, మరాఠీవారు తాడ్‌గోళే అంటారు. సంతలో ఆ మాట, ఇంట్లో ఈ మాట వాడే పిల్లలకు ముంజ రెండు పేర్లతోనూ తియ్యగానే ఉంటుంది. బుర్రల బండి తమిళనాట కూడా ఇలాగే దొర్లుతుంది.

రాత్రి మేడమీద పడుకున్నవారికి ఆకాశమే బొమ్మల పుస్తకం. మే నెలలో రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు ఉత్తరాన సప్తర్షులు ఎత్తుగా కనిపిస్తారు. తోక నడుమనున్న నక్షత్రం వశిష్ఠుడు. పక్కనే మినుకుమనేది పెళ్ళిళ్ళలో వధూవరులకు చూపించే అరుంధతి. ఆ తోక వంపునే అనుసరించి చూపు సాగిస్తే నారింజ రంగు స్వాతి, ఇంకా ముందుకు పోతే తెల్లని చిత్త తగులుతాయి. చైత్రమాసానికి ఆ పేరు ఈ చిత్త వల్లనే వచ్చింది. ఆ నెల పున్నమి చంద్రుడు దీని దగ్గరే ఉంటాడు.

ఇక మిగిలింది మిట్టమధ్యాహ్నం. ఆ వేళ బయటికి పోవద్దని పెద్దలు కసురుతారు. వారి మాట సబబే. వడదెబ్బ చిన్న సంగతి కాదు. అయినా ఏడాదిలో ఒక్క మధ్యాహ్నం మాత్రం ఓ పది నిమిషాలు, పెద్దల అనుమతితోనే, బయటికి రావలసి ఉంది. ఆనాడు నిలువుగా ఉన్న వస్తువు నీడ దాని కిందనే దాగిపోతుంది. బోర్లించిన చెంబు చుట్టూ నీడ కనిపించదు. నిటారుగా తవ్విన బావిలో ఎండ అడుగుదాకా దిగుతుంది.

సూర్యుడు రోజూ పన్నెండింటికి నడినెత్తిమీదికి వస్తాడని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మధ్యాహ్నపు సూర్యుడు చలికాలంలో దక్షిణానికి ఒరిగి ఉంటాడు. క్రమంగా ఉత్తరంగా జరుగుతూ వచ్చి, ఒకనాడు సరిగ్గా తలమీదికి చేరతాడు. కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న ఢిల్లీ వారికి ఆ రోజు ఎప్పటికీ రాదు. దక్షిణాది వారికి ఏటా రెండుసార్లు వస్తుంది. హోసూరు, చెన్నైలలో ఏప్రిల్ 24 ప్రాంతంలో, బళ్ళారిలో మే 1కి అటూ ఇటూగా, యానాంలో మే మొదటివారం చివర, షోలాపూర్‌లో మే 10 ప్రాంతంలో, ముంబయి, బరంపురాలలో మే నడుమ వస్తుంది. సూర్యుడు తెలుగువారున్న ఊళ్ళన్నీ వరుసగా పలకరిస్తూ ఉత్తరానికి పోతున్నట్లుంటుంది.

గడియారంలో పన్నెండు కొట్టగానే చూస్తే నిరాశ తప్పదు. దేశమంతటికీ ఒకే కాలం. దానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడ సమీపంగా పోతుంది. అందువల్ల పక్కనే ఉన్న యానాంలో నడిమధ్యాహ్నం 11.58కే అవుతుంది. బరంపురంలో 11.47కు, హోసూరులో 12.17కు, ముంబయిలో 12.35కు అవుతుంది. అంతకు పావుగంట ముందే నేలలో కర్ర పాతాలి. దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర దానితో సరిగా నిలిచిందో లేదో చూడాలి. నీడ చివర అయిదేసి నిమిషాలకు ఒకసారి బొగ్గుతో గుర్తు పెట్టి, మళ్ళీ చెట్టుకిందికి వచ్చి మజ్జిగ తాగవచ్చు. కాళ్ళకు చెప్పులు, తలకు గుడ్డ ఉండాలి. చూడవలసింది నీడనే. సూర్యుణ్ణి నేరుగా చూస్తే కళ్ళు శాశ్వతంగా చెడిపోవచ్చు.

దాదాపు 2,200 ఏళ్ళ కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే పండితుడు ఇలాంటి నీడతోనే భూమి చుట్టుకొలతను లెక్కకట్టాడు. సియీను పట్టణంలో నీడ లేని రోజున, ఉత్తరాననున్న అలెగ్జాండ్రియాలో సూర్యకిరణాలు వృత్తంలో 50వ వంతు ఏటవాలుగా పడ్డాయి. అందుచేత ఆ రెండు ఊళ్ళ దూరానికి 50 రెట్లు భూమి చుట్టుకొలత అని తేల్చాడు. ఆ పని తెలుగు పిల్లలు కూడా కొంతవరకు చేయగలరు. హోసూరులో మీటరు కర్రకు నీడ లేనినాడు, బరంపురంలోని మీటరు కర్రకు నడిమధ్యాహ్నం ఉత్తరంగా 11, 12 సెంటీమీటర్ల నీడ పడుతుంది. ఆ చివర పెద్దమ్మ కొడుకో, మేనమామ కూతురో ఉంటే ఫోనులో కొలత అడిగితే సరి. భూమి బల్లపరుపుగా ఉంటే, అంత దూరాన ఉన్న సూర్యుడి వల్ల రెండు చోట్లా నీడ ఒకే తీరుగా పడాలి గదా!

ఒక రోజు తప్పినా దిగులు లేదు. మరునాడు మీటరు కర్ర నీడ ఒక సెంటీమీటరు కూడా మించదు. కాని వారం దాటితే తేడా కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. అప్పటికి నీడ దిక్కు మార్చుకొని దక్షిణంగా పడుతుంటుంది. చలికాలమంతా ఎండ ఎరుగని ఉత్తరపు అరుగుమీద మధ్యాహ్నపు ఎండ కొద్దిగా తొంగిచూస్తుంది. రెండవసారి ఆ రోజు బరంపురంలో జూలై చివరివారంలో, హోసూరులో ఆగస్టు మూడవ వారంలో వస్తుంది. అప్పటికి బడులు తెరిచి ఉంటాయి, మేష్టారు కూడా పక్కనే ఉంటారు. అయితే ఆకాశం నిండా మబ్బులు ఉంటాయి.