పరిశోధన సలహాసంఘము - శలాకాపరీక్ష

పూర్వము మిథిలలో శలాకాపరీక్ష ప్రసిద్ధము. తాళపత్రగ్రంథమున శలాకను గ్రుచ్చగా, అది తాకిన పత్రమును విద్యార్థి అప్పటికప్పుడు వ్యాఖ్యానింపవలెను. శిష్యుని పాండిత్యమునకు గురువొక్కడే సాక్షిగా నుండిన చాలదని నే నందు గ్రహించు నాశయము. నేడు ఆ భారము పరిశోధన సలహాసంఘముపై నున్నది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్.డి. నిబంధనల ప్రకారము పరిశోధకుడు ప్రతి సెమిస్టరునందును ఈ సంఘము నెదుట తన ప్రగతిని వివరింపవలెను. అది తృప్తికరము గానిచో సంఘము కారణములను లిఖించి, దిద్దుబాటును సూచింపవలెను. పర్యవేక్షకుడే సంయోజకుడు.

చిక్కంతయు నిచ్చటనే కలదు. సంయోజకుని యెదుట ఆతని శిష్యుని ప్రశ్నించుటకు సహాధ్యాపకులు జంకుదురు. వాక్యార్థసభలో పూర్వపక్షము చేయుట గురువునకు అవమానమని యెవ్వరును తలంపలేదు గదా!

నేను సభ్యుడనైన యొక సంఘమున, న్యాయగ్రంథమును పరిష్కరించుచున్న విద్యార్థికి వరుసగా "ప్రగతి తృప్తికరము" అనియే వ్రాసితిమి. అతడు ఒక్క మాతృకనే నమ్ముకొని యితర ప్రతులను చూడలేదు. మాలో నొక్కరమును అడుగలేదు. నేనును సంతకము చేసితిని. బాహ్యపరీక్షకుడు తొలి పుటలలోనే దానిని పట్టుకొనెను. సిద్ధాంతగ్రంథము తిరిగివచ్చినది. విద్యార్థికి రెండేండ్లు వ్యర్థమైనవి, మాకు మాత్రము నష్టమేమియు లేదు.

కావున సంఘమున ఆ శాస్త్రమును పాఠముగ చదివినవాడు, పర్యవేక్షకుడు గాక, మరియొకడు తప్పక యుండవలెను. వ్యాకరణ పరిశోధకునికి సాహిత్యాధ్యాపకులే సభ్యులైనచో ప్రశ్న పుట్టదు. ప్రతి సమావేశమునను మాతృకలోని యొక పత్రమును సభ్యులే యెంచి, విద్యార్థిచే చదివించి వ్యాఖ్యానింపజేయుడని నా మనవి. అరగంట చాలును.