నోరులేని రోగికి వైద్యం

మన పర్చూరు ప్రాంతంలో ఎద్దుకు జబ్బు చేస్తే రైతు ముందుగా ఏం చూస్తాడు? మూతి తడిగా ఉందా, పొడిబారిందా అని చూస్తాడు. నెమరు వేస్తోందా, మానేసిందా అని గమనిస్తాడు. చెవి పట్టుకుని వేడి తెలుసుకుంటాడు. ఎద్దుకు మాటలు రాకపోయినా, అది మనిషి చేతికి అలవాటుపడిన జంతువు కనుక దాని బాధ తెలుసుకోవడం సాధ్యమవుతుంది.

మరి చిరుతపులికి జబ్బు చేస్తే? దాని చెవి పట్టుకుని చూసేవారెవరు?

ఆ విద్య ఎక్కడ నేర్పుతారో, ఎలా నేర్పుతారో తెలుసుకుందాం.

బడి ఎక్కడ?

ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రం చదివినవారు పశువైద్య కళాశాలలో చేరవచ్చు. తిరుపతి కళాశాల 1955లోనూ, మనకు దగ్గరైన గన్నవరం కళాశాల 1998లోనూ ఏర్పడ్డాయి. ఈ చదువు ఐదున్నర సంవత్సరాలు. చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. అంటే అనుభవజ్ఞులైన డాక్టర్ల వెంట ఉండి, పనిచేస్తూ నేర్చుకోవడం. ఎక్కువ కాలం ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్ల మధ్యనే గడుస్తుంది. అడవి జంతువుల వైద్యం నేర్చుకోవాలంటే మాత్రం జంతు ప్రదర్శనశాలకు వెళ్లాలి. 1963లో తెరిచిన హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాల, 1987లో ఏర్పడిన తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల అటువంటి చోట్లు.

అక్కడ పులిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చని మీరు ఊహిస్తున్నారా? అలా ముద్దుచేసిన పిల్ల మనిషంటే భయం పోగొట్టుకుంటుంది. తరువాత దానిని అడవిలో వదలడం దానికీ ప్రమాదమే, మనకూ ప్రమాదమే. అందుచేత మొదటి పాఠం వేరుగా ఉంటుంది.

మొదటి పాఠం: తాకకుండా చూడడం

జింక తన జబ్బును దాచుకుంటుంది. ఎందుకో ఆలోచించండి. మందలో కుంటుతున్న జింకనే పులి ఎంచుకుంటుంది కదా! కనుక జబ్బు ముదిరేదాకా జింక మామూలుగానే కనిపించడానికి ప్రయత్నిస్తుంది. విద్యార్థి దూరంగా నిలబడి, అది ఎలా నడుస్తోంది, ఎంత తిన్నది, ఎంత మిగిల్చింది, మందలో ఉందా, విడిగా నిలబడిందా అన్నవి పుస్తకంలో రాసుకోవాలి. పేడను సూక్ష్మదర్శిని కింద చూస్తే పేగుల్లోని పురుగుల గుడ్లు కనిపిస్తాయి. జంతువును ముట్టుకోకుండానే సగం పరీక్ష పూర్తయిందన్నమాట!

రెండవ పాఠం: బరువు, మోతాదు

ఒక మందును కిలో బరువుకు అర మిల్లీగ్రాము చొప్పున ఇవ్వాలనుకోండి. 400 కిలోల ఎద్దుకు 200 మిల్లీగ్రాములు కావాలి. మరి చిరుతను తక్కెడలో నిలబెట్టగలమా? కంటితో చూచి అంచనా వేయాలి. మత్తుమందు తక్కువైతే చిరుత మధ్యలో లేస్తుంది. ఎక్కువైతే ఇక లేవకపోవచ్చు. అందుకే అది నిద్రలో ఉన్నప్పుడు తూచి, తన అంచనాతో పోల్చుకుని, కంటికి తర్ఫీదు ఇచ్చుకోవాలి.

మూడవ పాఠం: భయం కూడా చంపుతుంది

పరుగు పందెం తరువాత మీ పిక్కలు నొప్పి పెడతాయి. కండరాలకు చాలినంత ఆక్సిజన్ అందనప్పుడు వాటిలో లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. మీరు కూర్చుని రొప్పు తీర్చుకుంటే అది తగ్గిపోతుంది. కాని ఊళ్లోకి వచ్చిన జింకను జనం కేకలు వేస్తూ తరిమితే దానికి ఆగే వీలుండదు. ఆమ్లం హెచ్చుతుంది. కండరాల పోగులు చిట్లి, వాటిలోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఒంటిమీద చిన్న గాయమైనా లేకుండానే జింక కొన్ని గంటల్లోనో, కొన్ని రోజుల్లోనో చనిపోవచ్చు. అందుకే పట్టుకున్న జింక కళ్లకు గుడ్డ కడతారు, నీడలో ఉంచుతారు, చుట్టూ ఎవరినీ మాట్లాడనివ్వరు. నిశ్శబ్దం కూడా ఇక్కడ వైద్యంలో భాగమే.

నాలుగవ పాఠం: రాబందు చెప్పిన సత్యం

ఒకప్పుడు ఊరి బయట పడవేసిన పశువుల కళేబరాలను రాబందులు శుభ్రం చేసేవి. 1990 తరువాత అవి వేగంగా తగ్గసాగాయి. తెల్లవీపు రాబందులు నూటికి తొంభైతొమ్మిదికి పైగా మాయమయ్యాయి. చనిపోయిన పక్షులను కోసి పరీక్షిస్తే గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్లు తెల్లని పొర కనిపించింది. అది యూరిక్ ఆమ్లం. పక్షుల మూత్రపిండాలు దానిని బయటకు పంపాలి. అవి పనిచేయకపోతే అది ఒంట్లోనే పేరుకుంటుంది.

మూత్రపిండాలను పాడుచేసినదేమిటి? పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన 2004లో జవాబు చెప్పింది. పశువులకు నొప్పి, వాపు తగ్గడానికి ఇచ్చే డైక్లోఫినాక్ అనే మందు! ఆ మందు తీసుకున్న పశువు వెంటనే చనిపోతే, దాని మాంసం తిన్న రాబందు కూడా చనిపోయేది. 2006లో మన దేశం ఈ మందును పశువులకు వాడకుండా నిషేధించింది. దాని బదులు రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ వాడవచ్చని తేలింది. హైదరాబాదు జంతు ప్రదర్శనశాలలో రాబందుల సంతతిని పెంచే కేంద్రం కూడా ఏర్పడింది.

చూశారా! ఎద్దుకు ఇచ్చిన సూది ఆకాశంలో ఎగిరే పక్షిని చంపింది. ఎద్దుల డాక్టరు అడవి గురించి కూడా ఎందుకు తెలుసుకోవాలో ఇప్పుడు అర్థమైంది కదూ?

మీరు చేయవలసినది

మిరప చేలోనో, పత్తి చేలోనో గాయపడిన నెమలి గాని, జింక గాని కనిపిస్తే దాని వెంటపడకండి. చేతులతో పట్టుకోకండి. కుక్కలను, జనాన్ని దూరంగా ఉంచి పెద్దలకు చెప్పండి. వారి ద్వారా అటవీశాఖకు కబురు పంపండి. కోతిగాని, కుక్కగాని కరిస్తే, గోళ్లతో గీరినా సరే, గాయాన్ని సబ్బుతో, పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ సోకి లక్షణాలు బయటపడితే మనిషి బతకడం దాదాపు అసాధ్యం.

చేసి చూడండి

నీడలో పడుకున్న గేదెకు పది అడుగుల దూరంలో నిలబడండి. దాని డొక్క ఎన్నిసార్లు ఎగసి పడుతోందో ఒక నిమిషం లెక్కించండి. అదే గేదె మేతనుంచి ఇంటికి రాగానే మళ్లీ లెక్కించండి. ఇలా వారం రోజులు రాయండి.

1. రెండు లెక్కలకు తేడా ఎందుకు వచ్చింది?
2. మీరు దగ్గరగా వెళితే లెక్క మారిందా? ఎందుకు?

రెండవ ప్రశ్నకు జవాబు మీ అంతట మీరు కనుక్కుంటే, పశువైద్య విద్యార్థి మొదటి పాఠం మీకు వచ్చినట్లే.