సద్దిమూట

"పెద్దల మాట సద్దిమూట" యని తెలుగువారి సామెత. హితవాక్యమును అన్నపు మూటతో పోల్చుటలో ఒక విశేషము కలదు. బాటసారికి ఆకలి యెక్కడ వేయునో తెలియదు. వేసినచోట మంచి అన్నము దొరకునో లేదో తెలియదు. మూట చేతనున్నవాడు నిశ్చింతుడు. కాలినడకను, ఎడ్లబండ్లను నమ్ముకొన్న కాలమున మన పూర్వులు ఇట్టి మూట లేనిదే ఊరు కదలెడివారు కారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల ప్రజలకు ప్రయాణము క్రొత్త కాదు. వేములవాడ రాజన్నను, కొండగట్టు అంజన్నను, ధర్మపురి నరసింహస్వామిని సేవించుటకు పోవు యాత్రికులు నేటికిని పెక్కురు కలరు. సిరిసిల్ల నేతకార్మికులెందరో బ్రతుకుతెరువునకై భివండికి, షోలాపురమునకు, సూరతునకు వలసపోయిరి. జగిత్యాల, కోరుట్ల పల్లెల నుండి వేలకొలది యువకులు దుబాయి, మస్కటు, దోహా మున్నగు నగరములకు పోయి, ఎండలో శ్రమించి, ఇంటికి ధనము పంపుచున్నారు. ఒకరి ప్రయాణము ఒక దినము. ఒకరిది కొన్ని నెలలు. మరియొకరిది అనేక వత్సరములు. అందరికిని ప్రశ్న యొక్కటే: ఇల్లు విడిచిన పిమ్మట ఏమి తినవలెను?

ఈ ప్రాంతపు గృహిణులు దీనికి కొంత సమాధానమును ఏనాడో కనుగొనిరి. సద్దుల బతుకమ్మ నాడు వారు చేయు సద్దులను చూడుడు. చింతపండు పులుసుతో ఒకటి, నిమ్మరసముతో ఒకటి, నువ్వుల పొడితో ఒకటి, కొబ్బరితో ఒకటి, పెరుగుతో ఒకటి. వీనితోపాటు సత్తుపిండియు, మలీద ముద్దలును ఉండును. వీనిలో ఏది దారికి తగునో, ఏది తగదో పల్లెటూరి అవ్వ నడిగినచో తడుముకొనక చెప్పును. పెరుగుసద్ది మొదటి పూటకే. కొబ్బరిసద్ది త్వరగా పాసిపోవును. పులుసుసద్ది మరికొంత సేపు నిలుచును. సత్తుపిండి వారము దినములైనను చెడదు.

ఆమె అనుభవమునకు శాస్త్రము సాక్ష్యము పలుకుచున్నది. ఆహారమును చెడగొట్టు సూక్ష్మజీవులకు తడియు, వెచ్చదనమును కావలెను. పులుపు వానికి గిట్టదు. వేయించి దంచిన మక్కల సత్తుపిండిలో తడి మిగులదు గనుక వానికి పెరుగుటకు వీలుండదు. అన్నము సంగతి వేరు. బియ్యమును అంటియుండు ఒక జాతి సూక్ష్మజీవి బీజములు ఉడికించినను చావవు. అన్నమును గోరువెచ్చగా గంటల తరబడి మూసియుంచినచో అవి మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను పోదు. అందుచేతనే వండిన పదార్థమును రెండు గంటలకు మించి బయట ఉంచరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పులుసుసద్దికి పులుపు కొంత రక్షణ నిచ్చును. అయినను అన్నమును వెడల్పు పళ్లెమున ఆరబోసి, చల్లారిన పిదపనే పులుసు కలిపి కట్టవలెను. వీలయినంత త్వరగా తినవలెను.

సకినాలు చాల దినములు నిలువయుండును గాని, నూనెలో కాలినవగుటచే వానితోనే కడుపు నింపుకొనరాదు. వేయించిన పల్లీలు, నువ్వుల ముద్దలు, అటుకులు మూటలో చోటు తక్కువ తీసికొని బలము ఎక్కువ ఇచ్చును. దారిలో కొనవలసివచ్చినచో, కండ్లయెదుట పొగలు గ్రక్కుచు వండినది, లేదా తొక్క ఒలిచి తిను అరటిపండు వంటిది కొనుట మేలు. కోసియుంచిన పండ్లముక్కలు, ఈగలు వాలిన మిరపకాయబజ్జీలు ముట్టరాదు. విరేచనములు పట్టుకొన్నచో, శుభ్రమైన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెరయు, అర చెంచా ఉప్పును కరగించి కొద్దికొద్దిగా త్రాగవలెను. తగ్గనిచో వైద్యుని చూడవలెను.

దీర్ఘకాలము పరదేశమున నుండువాని కష్టము వేరు. గల్ఫునకు పోవు కుమారునికి తల్లి మామిడికాయ తొక్కు కట్టి యిచ్చును. అతడచ్చట పదిమందితో ఒక గదిలో నుండును. పని ముగించి వచ్చుసరికి చేతులు లేవవు. ప్రయాణమునకు తెచ్చిన అప్పు తీరవలెను. చెల్లెలి పెండ్లి చేయవలెను. కూరగాయల ఖర్చు మిగిల్చినచో ఇంటికి మరికొంత పంపవచ్చునని తలచి, అన్నములో తొక్కు కలిపి తిని పండుకొనును. ఫోనులో తల్లి "తిన్నావా బిడ్డా?" యని అడుగును. "తిన్ననమ్మా" యని అతడనును. అది అబద్ధము కాదు, పూర్ణసత్యమును కాదు.

దినమునకు 5 గ్రాములకు మించి ఉప్పు కూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము. తొక్కునే కూరగా తినువానికి ఆ మితి సులభముగా దాటును. రక్తపోటు పెరుగుటకు అది దారితీయును. దప్పిక తీర్చుకొనుటకు త్రాగు 300 మిల్లీలీటర్ల తీపి శీతలపానీయములో సుమారు 30 గ్రాముల చక్కెర యుండును. ఎండలో పనిచేయువాడు దప్పిక కొరకు వేచియుండక, పావుగంట కొకసారి నీరు త్రాగవలెను. చాలినంత నీరు లేక యెండలో దీర్ఘకాలము శ్రమించువారికి మూత్రపిండములు దెబ్బతినును. ఎండ తీవ్రతను గుర్తించియే అరబ్బు ఎమిరేట్లలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12.30 నుండి 3 గంటల దాక ఆరుబయట పనిని నిషేధించిరి.

1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ, దినమునకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినవలెనని సూచించుచున్నది. ఒంటరివానికిది భారము, నలుగురు కలిసి వంతులవారీగా వండుకొన్నచో సులభము. పెసలు నానబెట్టి కట్టినచో పొయ్యి లేకయే మొలకలగును. శనగ గుడాలు, ఉడికించిన గ్రుడ్డు, పప్పులో వేసిన ఆకుకూర చౌకగా బలము నిచ్చును. ఊరు విడుచుటకు ముందే యువకుడు పప్పును, కూరను వండుట నేర్చుకొనవలెను. వంట స్త్రీల పనియను తలంపు పరదేశమున అక్కరకు రాదు.

తల్లి కట్టిన మూట కొలది దినములలో ముగియును. ఆమె నేర్పిన వంట యెంత దూరము పోయినను వెంటవచ్చును. ఇంటికి పంపు ధనము నెలనెల చేరునది. అతని దేహమో, ఇంటివారందరు ఎదురుచూచునది. దానిని ఆరోగ్యముగా తిరిగి తెచ్చుటయు కుమారుని ధర్మమే.

ప్రశ్నలు

1. పెద్దల మాటను సద్దిమూటతో ఏల పోల్చిరి?
2. సత్తుపిండి నిలువయుండుటకును, అన్నము త్వరగా చెడుటకును కారణములేవి?
3. "తిన్ననమ్మా" యను మాట పూర్ణసత్యము కాదనుటలో భావమేమి?
4. మీ యింటి పెద్దల నడిగి, ప్రయాణమునకు తగిన మూడు పదార్థములను గూర్చి వ్రాయుము.