ఆ లక్ష్మీదేవి ఎవరు?

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. అల్లుడు 17 ఏళ్లు పటాలంలో చేసొచ్చి నాలుగు నెలలైనా కుదురుకోలేదనీ, తెల్లవారుజామునే లేచి గేటు దగ్గర నిలబడుతున్నాడనీ, అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ పని వారానికే మానేశాడనీ రాశావు. ఎవడో కుర్రాడు తాళాలు విసిరి కారు తుడవమన్నాడట. మానేయక ఏం చేస్తాడే?

మీ పెదనాన్న 79లో వచ్చినప్పుడు మాత్రం? గేదెల మీద హిందీలో కేకలేసేవారు. అవి కదిలితేనా! రాత్రుళ్లు 71 యుద్ధం కలలోకొస్తే లేచి దుప్పటి విప్పేవారు, మడిచేవారు, మళ్లీ విప్పేవారు. నేను రెండో కొస పట్టుకునేదాన్ని. ఏమీ అడిగేదాన్ని కాదు. మన మాధవరంలో ఇంటింటా మిలిటరీ వాళ్లే కనుక పగలు అరుగు మీద తోడు దొరికేది. మీకక్కడ అరుగేదీ? 14416కి ఫోన్ చేస్తే మనసు బాగోలేనివాళ్లతో తెలుగులోనే మాట్లాడతారు. ముందు నువ్వు చెయ్యి. మిలిటరీ క్యాంటీన్ మందు సీసా కోసం వచ్చే స్నేహితుల్ని మాత్రం గుమ్మంలోంచే పంపెయ్.

అసలు సంగతికొస్తాను. డిశ్చార్జి బుక్కులో నీ పేరు ఎలా ఉందో చూశావా? నేను చూసుకోలేదు. ఆయన పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కి వెళ్తే, భార్య పేరు "లక్ష్మీదేవి" అని ఉంది. ఏ ఉత్తరాది గుమాస్తానో వాళ్ల ఆడవాళ్లకి తగిలించినట్టే నాకూ "దేవి" తగిలించాడు. వెంకటలక్ష్మినని మొత్తుకున్నాను. "మరి ఆ లక్ష్మీదేవి ఎవరమ్మా?" అన్నాడు కౌంటర్‌లో అబ్బాయి. పోయిన మనిషి మీద ఒక్క క్షణం నాకే అనుమానమొచ్చిందంటే నమ్ము! అఫిడవిట్లు పట్టుకుని 11 నెలలు తిరిగాను. అందుకే చెబుతున్నా, పెన్షన్ కాగితం పీపీవో, ఆధార్, బ్యాంకు పుస్తకం, వైద్యానికిచ్చే ఈసీహెచ్‌ఎస్ కార్డు, అన్నీ ఒక్కచోట పరిచి అక్షరం అక్షరం సరిచూడు. ఇంటిపేరు ముందుందా, వెనకుందా? పిల్లల పుట్టినరోజులు సరిగ్గా పడ్డాయా? తేడా ఉంటే అల్లుడుండగానే దిద్దించుకోవాలి. అపశకునం అనుకోకు తల్లీ, నూరేళ్లుంటాడు.

ఉద్యోగం గురించి బెంగెందుకు? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించు. కేంద్రంలో గ్రూప్ సి కొలువుల్లో మాజీ సైనికులకి 10 శాతం రిజర్వేషన్ ఉంది. వయసులోంచి సర్వీసంతా తీసేసి లెక్కేస్తారు, ఆపైన మరో మూడేళ్లు వెసులుబాటు. పదో తరగతితో చేరి 15 ఏళ్లు చేసినవాళ్లని ఆ కొలువులకి డిగ్రీవాళ్లతో సమానంగా చూస్తారు. అల్లుడికి చెప్పు. వాచ్‌మన్ పనొక్కటే కాదని తెలిస్తే కాస్త తేలికపడతాడు.

నువ్వు తింటున్నావా? ఉత్తరం నిండా అతని సంగతే రాశావు. ఆదివారం సున్నుండలు పట్టుకుని వస్తాను. కళ్లజోడు కూడా తెచ్చుకుంటాను. ఆ బుక్కు బీరువాలోంచి తీసి పైన పెట్టు.

నీ దొడ్డమ్మ,
వెంకటలక్ష్మి (దేవి కాదు)